చేరవేసిన గేటు, పడిన గడియ

మా వీధి గేటు కింద సిమెంటు గచ్చు మీద పావు చక్రంలా ఒక గీత ఉంది. ఎవరూ గీసింది కాదు, గేటు కిందిమూల రాసుకుని రాసుకుని పడింది. ఎండాకాలంలో ఆ గీతలో దుమ్ము పేరుకుంటుంది. శ్రావణ మాసానికల్లా మళ్ళీ తెల్లగా మెరుస్తుంది. గేటు దిగిందని మాకు కబురు చెప్పేది ఆ తెలుపే.

ఆ గేటుకి ఆల్డ్రాపు ఉంది. గేటు దిగిన రోజుల్లో కడ్డీ ఎదుటి స్తంభంలో బెజ్జానికి కాస్త కిందగా పోయి ఇనప రేకుని గుద్దుకుంటుంది. అప్పుడు కుడికాలి బొటనవేలు గేటు కింద దూర్చి, కొంచెం పైకెత్తి, ఎడమచేత్తో గేటుని లాగిపట్టి, కుడిచేత్తో కడ్డీ తోస్తాం. మా ఇంట్లో చిన్నాపెద్దా అందరికీ వచ్చిన విద్య ఇది. గుడివాడ నుంచి వచ్చే చుట్టాలకీ చెప్పక్కర్లేదు, వాళ్ళ గేటూ అంతే.

పెరటివైపు సంగతి వేరు. అక్కడ సర్వికర్రలు పాతి, ముళ్ళతీగ లాగి, మధ్యలో నాలుగడుగుల చెక్క గేటు పెట్టుకున్నాం. అవతల పంటబోదె, దాని గట్టు, గట్టు దాటితే చేలు. ఇవతల ఆనప పాదు, చిక్కుడు పందిరి, నాలుగు మిరప మొక్కలు, ఒక గేదె. ఈ గేటుకి మొదట్లో ఉన్నది కొబ్బరితాడు చుట్టు. గేటు కర్రకి కట్టిన తాడుని తీసుకెళ్ళి స్తంభం నెత్తిన తొడగడమే. వీధివైపుది బెజవాడ వన్‌టౌన్‌లో కొన్న సరుకు, పెరటిది గడ్డి కోసే మనిషి నిలబడి రెండు నిమిషాల్లో వేసిన ముడి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని చాలాకాలంగా ఉంది. ఇద్దరు కవుల్ని ఎదురుబొదురుగా కూర్చోబెట్టి మార్కులు వేసే విమర్శకులకి మనలో కరువు లేదు, గేటు గడియల గురించి మాత్రం ఒక పేజీ రాసినవాళ్ళు నాకు తగల్లేదు. రోజుకి కావ్యం ఎన్నిసార్లు తెరుస్తాం, గేటు ఎన్నిసార్లు తెరుస్తాం?

ముందు మాటల దగ్గర ఆగుదాం, ఎందుకంటే అసలు కొలబద్ద అక్కడే దొరికింది నాకు. తలుపు మూయడంలో మన భాషకి రెండు అంతస్తులున్నాయి. ఒకటి చేరవెయ్యడం, రెండోది గడియ వెయ్యడం. చేరవేసిన తలుపు చూడ్డానికి మూసినట్టే ఉంటుంది, కుక్కపిల్ల ముట్టె తగిలినా తెరుచుకుంటుంది. "తలుపు వేశావా?" అని అమ్మ అడిగితే "వేశాను" అనేవాళ్ళం, "గడియ వేశావా?" అని రెట్టించి అడిగితే నీళ్ళు నమిలేవాళ్ళం. ఇంకో సంగతి. గడియ వెయ్యడం వేరు, గడియ పడటం వేరు. వేసేది మనిషి, పడేది దానంతటది. (గడియ అంటే 24 నిమిషాల కాలం కూడా. మా ఆల్డ్రాపు వేసేసరికి ఆ రెండో అర్థం కూడా సరిపోతుందని మా ఆవిడ అంటుంది.)

కొబ్బరితాడు నానినాని చీకిపోతే పెరటి గేటుకి టవర్ బోల్టు బిగించాను. దుకాణంలో ముచ్చటగా ఉంది, వైశాఖంలో బిగించినప్పుడు వెన్నలా జారింది. తొలకరి పడ్డాక మొరాయించడం మొదలుపెట్టింది. గడ్డిమోపు నెత్తిన పెట్టుకొచ్చే మనిషి ఒక చేత్తో గేటెత్తి, ఇంకో చేత్తో బోల్టు ఎక్కడ తోస్తుంది? చేరవేసి పోయేది. నేనూ అంతే, పాలచెంబు చేతిలో ఉంటే చేరవేసేవాణ్ణి. ఒక మధ్యాహ్నం మేము కునుకు తీస్తుండగా బోదె గట్టు మీద పోతున్న మేకల మంద గేటుని ముట్టెతో తోసుకుని లోపలికొచ్చి ఆనప పాదుని మొదలంటా కొరికి పోయింది. పిందెలు పదో పన్నెండో ఉన్నాయి దానికి.

కోపం వచ్చింది. చట్టం కూడా గుర్తొచ్చింది. పంట మేసిన పశువుని పట్టి 24 గంటల్లోగా బందెలదొడ్డికి తోలమని 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం చెబుతుంది. ఆ చట్టంలో పశువులంటే మేకలు, గొర్రెలే కాదు, ఏనుగులూ ఒంటెలూ కూడా ఉన్నాయి. మేకల్ని కాసే పెద్దావిణ్ణి గట్టు మీదే ఆపి గట్టిగా అడిగాను. ఆవిడ మా గేటువైపు ఒకసారి చూసి, "గేటు తీసుంటే మేకలేం చేస్తాయి మేస్టారూ, ముళ్ళతీగ దూకొచ్చాయా ఏంటి?" అంది. జవాబు దొరకలేదు. గేటుంది, గడియ ఉంది, గడియ మంచిది కూడా. కాకపోతే అది వేసి లేదు.

అప్పటినుంచి గడియని గట్టితనం బట్టి చూడటం మానేశాను. చేతినిండా పనున్న మనిషి, చీకట్లో, వానలో, వేసిపోతుందా లేదా అన్నదే ప్రశ్న. చేరవెయ్యడానికీ గడియ వెయ్యడానికీ మధ్య ఎంత పని మిగిలితే ఆ గడియ అంత చెడ్డది. దొంగని ఆపే గడియ వేరే విషయం, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇంతకీ వైశాఖంలో జారిన బోల్టు శ్రావణంలో ఎందుకు మొరాయించింది? తప్పు బోల్టుది కాదు, నేలది. మన డెల్టా నల్లమట్టి ఎండితే కుంచించుకుపోతుంది, నానితే ఉబ్బుతుంది. కాలువలు కట్టేశాక మే నెలలో చేలో చెయ్యి పట్టేంత నెర్రెలు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, రోళ్ళ సంగతేమో గానీ నేల మాత్రం పగులుతుంది. కాలువకి నీళ్ళొదిలి, వానలు పట్టాక అదే నేల ఆ నెర్రెల్ని మింగేసి పైకి పొంగుతుంది. దాంట్లో రెండడుగుల లోతున పాతిన స్తంభం నిటారుగా నిలబడాలంటే ఎలా? గేటు బరువు ఎటు లాగితే అటు వాలుతుంది.

ఎంత వాలితే ఎంత దిగుతుందో లెక్క కష్టమేం కాదు. ఐదడుగుల స్తంభం తల ఒక్క అంగుళం పక్కకి వాలిందనుకోండి. కంటికి కూడా ఆనదు. కానీ నాలుగడుగుల గేటు కొస దాంతో ముప్పాతిక అంగుళం పైగా, అంటే దాదాపు 20 మిల్లీమీటర్లు దిగిపోతుంది. 16 మిల్లీమీటర్ల కడ్డీకి 20 మిల్లీమీటర్ల బెజ్జం పెడితే గడియకి ఉన్న వెసులుబాటు నాలుగు మిల్లీమీటర్లు. నేల ఇరవై అడుగుతోంది, ఆల్డ్రాపు నాలుగు ఇస్తోంది. బేరం ఎక్కడ కుదురుతుంది? దీనికి తోడు గేటు బరువు బందుల్నీ వదలదు. 40 కిలోల గేటు, నాలుగడుగుల వెడల్పు, బందుల మధ్య మూడడుగుల ఎడం అయితే పైబందుని స్తంభం నుంచి పీకే బలం 27 కిలోలకి దగ్గర. రేయింబవళ్ళు ఎవరో ఇరవైయేడు కిలోల బస్తా పైబందుకి వేలాడదీసినట్టే. పైబందు ఒక నూలు వదులైతే గేటు కొస ఇంకొంచెం దిగుతుంది.

కాబట్టి గడియ కొనబోయేవాడు చూడాల్సింది గేటుని కాదు, స్తంభాన్ని. ఈ మాట మా పామర్రు నాలుగురోడ్ల సెంటర్లో ఎవరితో అన్నా నవ్వుతారు. గేటు ఎంత బరువో చెప్పండి, ఎన్నంగుళాల ఆల్డ్రాపు కావాలో చెప్తాం అనేవాళ్ళే అందరూ.

ఇప్పుడు ఆల్డ్రాపుకి న్యాయం చెయ్యాలి. దాన్ని తిట్టడం తేలిక, దాని తెలివి చెప్పడం కష్టం. గుండ్రటి కడ్డీ రెండు పట్టీల్లో జారుతుంది. మధ్యలో వేలాడే చదునైన పిడి ఒకటి. ముందు పిడి పైకెత్తాలి, తర్వాత పక్కకి జరపాలి. ఈ రెండు కదలికలు ఒకదాని తర్వాత ఒకటి చెయ్యడం మనిషికే వచ్చు. గేదె మెడ రాసినా, గాలి ఊపినా, మేక కొమ్ము తగిలినా రెండు కదలికలు వరసగా రావు. పిడి కొండి మీద కూర్చున్నాక తాళం వేశామంటే కడ్డీ ఎటూ పోదు. గాలివానలో గేటు ముందుకీ వెనక్కీ ఎగిరిపడినా కడ్డీ బెజ్జంలోంచి ఊడిరాదు. భారత ప్రమాణాల్లో తాళం వేసుకునే ఈ జారుడు గడియకి ఐఎస్ 281 అని సంఖ్య ఉంది, టవర్ బోల్టులకి వేరే ఐఎస్ 204. ఈ రెండిట్నీ ఒకే జాతిగా చూసేవాళ్ళున్నారు గానీ నా దృష్టిలో టవర్ బోల్టు గది తలుపుకి పుట్టింది. చౌకట్టు, తలుపు రెండూ ఒకే గోడలో ఉండి కదలనిచోట అది రాణిస్తుంది. దాన్ని తీసుకెళ్ళి నల్లమట్టి మీద నిలబెట్టిన నా తెలివికి మేకలు తగిన శాస్తి చేశాయి.

ఆల్డ్రాపు లోపం దాని ఒద్దికలోనే ఉంది. ఎదుటివాడు ఉన్నచోటే ఉండాలంటుంది. బెజ్జం ఇక్కడ, కడ్డీ ఇక్కడ, రెండూ ఎదురుబొదురుగా రావాలి. రాకపోతే ఒక్క అడుగు కూడా తగ్గదు. మనుషుల్లోనూ ఉంటారు ఇలాంటివాళ్ళు, వాళ్ళతో కాపరం చెయ్యొచ్చు గానీ రోజూ బొటనవేలు పెట్టి ఎత్తాలి.

కొబ్బరితాడు దానికి పూర్తిగా ఎదురు స్వభావం. స్తంభం మూడంగుళాలు వాలినా దానికి పట్టదు. గేటు దిగితే తాడూ దిగుతుంది. వెల్డింగువాడు అక్కర్లేదు, మేకు అక్కర్లేదు, కొలత అక్కర్లేదు. తెగితే ఇంకో ముక్క. ఊళ్ళో కొందరు తాడు బదులు పాత సైకిలు ట్యూబు కోసి చుట్టు చేస్తారు. ఇది తాడు కన్నా ఒక మెట్టు పైన. రబ్బరు సాగి గేటుని స్తంభానికి లాగిపెట్టి ఉంచుతుంది, గేటు దడదడలాడదు. ఎండకి రెండు వేసవుల్లో పగుళ్ళిస్తుందనుకోండి, దాని వయసు అంతే. నైలాను తాడు కూడా ఎండకే పెళుసుబారుతుంది, కాకపోతే చెప్పాపెట్టకుండా తెగుతుంది. కొబ్బరితాడు పీచు లేచి ముందే చెప్తుంది.

అయితే తాడు వెయ్యడానికి రెండు చేతులు కావాలి. ఒక చేత్తో గేటు దగ్గరికి లాగి, రెండో చేత్తో చుట్టు ఎత్తి తొడగాలి. చీకట్లో స్తంభం తల వెతుక్కోవాలి. దూడలు నములుతాయి. కొమ్ములున్న గేదె తల విదిలిస్తే చుట్టు లేచి వచ్చేస్తుంది. ఓర్పులో ఆల్డ్రాపు కన్నా వెయ్యి రెట్లు మేలైన తాడు, నా అసలు ప్రశ్న దగ్గర మాత్రం ఆల్డ్రాపు పక్కనే నిలబడుతుంది: చేతినిండా పనున్న మనిషి దాన్నీ వెయ్యదు. తాడుకి నేల కష్టం తెలుసు, మనిషి కష్టం తెలీదు. ఆల్డ్రాపుకి దొంగ సంగతి తెలుసు, మిగతా ఏదీ తెలీదు.

మూడోది నాకు మా వెల్డింగు షాపులో దొరికింది. దొరికింది అనడం తప్పు, కొట్లాడి చేయించుకున్నాను. గేటుకి ఒక మేకు మీద తిరిగే చదునైన ఇనప నాలుక. స్తంభానికి ముక్కులాంటి ఒక కొక్కెం, దాని ముందువైపు ఏటవాలు, వెనకవైపు గాడి. గేటు తోస్తే నాలుక ఆ వాలు మీద ఎక్కి, తన బరువుకి తానే గాడిలో పడుతుంది. అంతే. తియ్యాలంటే వేలితో నాలుక ఎత్తితే చాలు. దుకాణాల్లో గేటు లాచి అంటారు. నేను పడే గడియ అంటాను, ఎందుకంటే దాన్ని ఎవరూ వెయ్యరు, అదే పడుతుంది.

"దాన్ని ఎవరు పెట్టించుకుంటారండీ మేస్టారూ, ఆల్డ్రాపు ఉండగా?" అన్నాడు వెల్డింగు కుర్రాడు.

"నేను పెట్టించుకుంటాను బాబూ. కొక్కెం ఎత్తు రెండంగుళాలు ఉండాలి."

"అంగుళం చాలండి. అందంగా ఉంటది."

"మా స్తంభం సంగతి నీకు తెలీదు."

రెండంగుళాల ఎత్తు ఎందుకంటే, గేటు ముప్పాతిక దిగినా, ఉబ్బిన నేల అర అంగుళం పైకి నెట్టినా, నాలుక కొస ఆ కొక్కెం మీద ఎక్కడో ఒకచోట తగులుతుంది. తగిలితే ఎక్కుతుంది, ఎక్కితే పడుతుంది. గేటుకీ స్తంభానికీ మధ్య సందు అంగుళం పెట్టి, నాలుకని రెండున్నర అంగుళాలు బయటికి సాచి ఉంచాం. స్తంభం అవతలికి వాలి సందు పెరిగినా నాలుక ఇంకా అందుతుంది. బెజ్జంలో దూరాల్సిన గడియకి ఒక చుక్క చాలు తప్పిపోవడానికి. కొక్కెం మీద పడాల్సిన గడియకి ఒక గీత పొడుగునా చోటుంది. ఈ రెంటికీ అసలు తేడా ఇదే, మిగతావన్నీ దీని పిల్లలు.

పడే గడియ గుణాలు చెప్పాను గనక దాని పాపాలూ చెప్పాలి. గేదె దాన్ని గెలిచింది. పెట్టిన వారంలోనే. దురద పుట్టి మెడ గేటుకేసి కిందినుంచి పైకి రాస్తే నాలుక లేచిపోయింది, గేటు తెరుచుకుంది. ఒకే కదలికతో తీసే గడియ మనిషికి ఎంత సుఖమో పశువుకీ అంతే సుఖం. ఆల్డ్రాపు అడిగే రెండు కదలికల విలువ నాకు అప్పుడు తెలిసింది. గడియని బయటివైపుకి మార్చి, లోపలినుంచి చెయ్యి పట్టేంత సందు మాత్రం ఉంచి, ముందు చిన్న రేకు అడ్డం పెట్టించాను. అదీ చాలక రాత్రిపూటకి గొలుసున వేలాడే చీల ఒకటి. ట్రాక్టరు ట్రక్కు వెనక తలుపుకి చూడండి, గాడి ఉన్న పట్టీ కొండి మీద తొడిగి, గొలుసుకున్న చీల దూరుస్తారు, అలాంటిదే. బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ళు ఇలాంటి బిగింపులు ఏళ్ళ తరబడి చేస్తున్నారు. గతుకుల రోడ్డు మీద ఊగే తలుపుని పట్టి ఉంచాలంటే వెసులుబాటు ఇవ్వాలని వాళ్ళకి తెలుసు. మన ఇళ్ళ గేట్లు చేసేవాళ్ళు ఆ ఊగుడు లేదనుకుంటారు. ఊగుడు ఉంది, నెమ్మదిగా ఉంది.

తుప్పు దగ్గరికొద్దాం. బందరు సముద్రం మాకు దూరమేం కాదు, గాలిలో ఉప్పు ఉంటుంది. దానికి తోడు ఏడాదిలో సగం తేమ. ఇక్కడ గడియల నిర్మాణంలోనే ఒక తేడా బయటపడుతుంది. ఆల్డ్రాపు కడ్డీకి మీరు ఎన్ని పూతలు రంగు వేసినా జారినప్పుడల్లా పట్టీల దగ్గర గీసుకుపోతుంది. జారడమే దాని పని కాబట్టి రంగు నిలవడం దాని జాతకంలో లేదు. గీసిన చోట తుప్పు, తుప్పుతో కడ్డీ లావు, లావైన కడ్డీ బిగుతు. పడే గడియకి రాపిడి ఉండేది ఒక్క మేకు దగ్గరా, కొక్కెం వాలు మీదా. ఆ రెండు చోట్ల నెలకో చుక్క ఇంజనాయిలు వేస్తే సరి. వెయ్యకపోతే మాత్రం మేకు పట్టేసి, ఎత్తిన నాలుక ఎత్తినట్టే నిలబడిపోతుంది. పడని పడే గడియ కన్నా పనికిరాని వస్తువు ఇంకోటి లేదు, చేరవేసిన గేటు కన్నా అధ్వాన్నం, ఎందుకంటే పడిందనుకుని వెళ్ళిపోతాం.

వెల్డింగు గురించి ఒక హెచ్చరిక. జింకు పూత ఉన్న గడియ కొని, దాన్ని గేటుకి వెల్డు చేయిస్తే ఆ వేడికి చుట్టుపక్కల జింకు కాలిపోతుంది. డబ్బులిచ్చి కొన్న రక్షణని డబ్బులిచ్చి కాల్పించుకున్నట్టు. బోల్టులతో బిగించండి. బెజ్జాలు గుండ్రంగా కాకుండా నిలువుగా కోలగా వేయించండి. రెండేళ్ళకోసారి బోల్టు వదులు చేసి గడియని అర అంగుళం జరుపుకోవచ్చు. వెల్డు చేస్తే ఆ భాగ్యం లేదు.

స్టెయిన్‌లెస్ స్టీలు కొంటే సరిపోదా అంటారు. సరిపోతుంది, ఏ స్టీలో తెలిస్తే. దుకాణంలో అయస్కాంతం పెట్టి చూపిస్తారు, "చూడండి, అంటుకోలేదు, అసలు సిసలు స్టీలు" అంటారు. ఆ పరీక్ష నమ్మొద్దు. నికెలు తగ్గించి మాంగనీసు కలిపిన 202 రకానికీ అయస్కాంతం అంటుకోదు, 304కీ అంటుకోదు. ఉప్పుగాలికి 202 మీద గోధుమరంగు మచ్చలు తేలతాయి, 304 చాలాకాలం ఓర్చుకుంటుంది. మాలిబ్డినం కలిసిన 316 ఇంకా గట్టిది, సముద్రపు ఒడ్డు ఇళ్ళకి. పామర్రుకి 304 చాలు. బిల్లు మీద రకం రాయించుకోండి, అయస్కాంతం జేబులో పెట్టుకోమనండి. ఇత్తడి తుప్పు పట్టదు నిజమే, కానీ వీధి గేటుకి ఇత్తడి పెడితే ముందు పోయేది గడియే.

డాలస్‌లో ఉన్న మా బంధువుల ఇంట్లో రెండు నెలలు ఉన్నప్పుడు వాళ్ళ పెరటి కంచె గేటు చూసి ఆశ్చర్యపోయాను. దేవదారు పలకల గేటు, పడే గడియ, పలకలో చిన్న బెజ్జం పెట్టి అందులోంచి గడియకి కట్టిన తాడు బయటికి తీశారు. అవతలివైపు నుంచి తాడు లాగితే గడియ లేస్తుంది. మన కొబ్బరితాడూ వాళ్ళ ఇనప నాలుకా అక్కడ వియ్యమందుకున్నాయి. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే అక్కడి నేల కూడా మన మట్టి లాంటిదే. డాలస్ చుట్టూ ఉన్న బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ ఎండితే నెర్రెలిచ్చి, తడిస్తే ఉబ్బే నల్లమట్టి. హ్యూస్టన్ బ్లాక్ అనే ఆ మట్టిని టెక్సాస్ తన రాష్ట్ర మట్టిగా చెప్పుకుంటుంది. "ఈ గేటు ఏటా దిగిపోతోంది బాబాయ్, ఏం చెయ్యాలో తెలీట్లేదు" అన్నాడు మా వాడు. పామర్రులో పుట్టి డాలస్ పోయి మళ్ళీ అదే నేల మీద స్తంభం పాతుకున్నాడు. నేను బొటనవేలు విద్య నేర్పబోతే వద్దన్నాడు, కొక్కేన్ని అంగుళం కిందికి దింపి వచ్చాను.

అక్కడే ఇంకొకటి నేర్చుకున్నాను. ఈతకొలను ఉన్న ఇంటి గేటుకి అమెరికా వాళ్ళు గట్టి నియమాలు పెట్టుకున్నారు. గేటు దానంతటది మూసుకోవాలి, గడియ దానంతటది పడాలి, కొలను నుంచి బయటివైపుకి తెరుచుకోవాలి. గడియ తీసే పిడి 54 అంగుళాల ఎత్తుకి తక్కువలో ఉంటే దాన్ని కొలనువైపే, పసిపిల్లల చెయ్యి అందనట్టు పెట్టాలి. మన వైపు పెరటి గేటు తీస్తే ఎదురయ్యేది ఈతకొలను కాదు, నిండు బోదె, చేపల చెరువు. కైకలూరు వైపు ఇళ్ళ వెనకే చెరువులు. మన గేట్లకి ఆ ఆలోచనే లేదు, పిల్లలున్న ఇంట్లో గడియ నడుమెత్తున పెడతాం, చేతికి అనువని. పెరటి అవతల నీళ్ళుంటే నా తులనలన్నీ పక్కన పెట్టండి. అక్కడ ఆల్డ్రాపుకీ తాడుకీ చోటు లేదు, పడే గడియ ఒక్కటే, అదీ పెద్దవాళ్ళ ఛాతీకి పైన, గేటుకి స్ప్రింగు బందులతో. గేటు తోసి వదిలేసిన మతిమరుపుని కూడా అది కాపాడుతుంది.

అయస్కాంతపు గడియలు కూడా వచ్చాయి. మూసేటప్పుడు రాపిడి లేదు, జామవదు, బాగుంటుంది. మా ఊరి గేదె ముందు నిలుస్తుందో లేదో చూడాలంటే ముందు దాన్ని కొనాలి, నా పింఛను ఒప్పుకోలేదు.

చప్పుడు సంగతి మర్చిపోయాను. ఆల్డ్రాపు కీచుమంటుంది, ఎవరో వచ్చారని ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, అదీ ఒక లాభమే. తాడుకి చప్పుడు లేదు, వేశారో లేదో లేచి వెళ్ళి చూడాలి. పడే గడియ 'టక్' మంటుంది. పడుకుని ఉండగానే గడ్డి మనిషి వెళ్ళిపోయిందనీ, గేటు పడిందనీ ఆ ఒక్క చప్పుడుతో తెలుస్తుంది. చప్పుడు రాలేదంటే లేవాలి. విమర్శకుడిగా నేను దీనికి వేసే మార్కులు కొంచెం ఎక్కువే, ఎందుకంటే తన పని అయిందని చెప్పే గడియ ఇదొక్కటే.

మరి వీధి గేటుకో? అక్కడ ఆల్డ్రాపునే ఉంచాను. రాత్రి తాళం వెయ్యాలి, వీధిలోంచి చెయ్యి పెట్టి నాలుక ఎత్తేవాడికి తేలిక కాకూడదు, ఎవరి చేతిలోనూ గడ్డిమోపు ఉండదు. కాకపోతే స్తంభంలో గుండ్రటి బెజ్జాన్ని నిలువునా రెండంగుళాల గాడిగా కోయించాను, కడ్డీ ఒక అంగుళం పొడుగు పెంచాను, స్తంభం చుట్టూ నల్లమట్టి తవ్వి గ్రావెల్ కూరించాను. మా వెల్డింగు కుర్రాడు ఆ గాడి చూసి, "బెజ్జం పెద్దదైపోయిందండీ, లూజుగా ఉంటది" అని బాధపడ్డాడు. లూజుగానే ఉండాలి బాబూ అన్నాను. దొంగకి కావల్సింది కడ్డీ బయటికి రావడం, అది పైకీ కిందికీ ఊగితే వాడికేం లాభం?

రెండు వానాకాలాలు గడిచాయి. పెరటి గేటు మొన్న కొలిస్తే బిగించిన నాటికన్నా ఐదు నూళ్ళు, అంటే అర అంగుళం పైనే దిగింది. గడియ ఇంకా పడుతోంది. ఆనప పాదు ఈసారి పందిరెక్కింది. మీ గేటుకి ఏది మంచిదని నన్ను అడిగే ముందు, తాపీమేస్త్రి దగ్గర గుండుదారం అరువు తెచ్చి స్తంభం పక్కన వేలాడదీయండి. ఒకసారి మే నెలాఖరున, ఇంకోసారి ఆగస్టులో. రెండు కొలతల మధ్య తేడా ఎంతో చీటీ మీద రాసుకుని, ఆ చీటీ పట్టుకుని దుకాణానికి వెళ్ళండి.